పోస్టులో వచ్చిన నాణేలు: పెట్టిన డబ్బు ఎటు పోయింది?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్నం నుంచి, పేరు వేయవద్దన్న షరతు మీద, ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఏడు పేజీల ఉత్తరం రాశారు. జీవితమంతా హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పిన ఆయనకు ఇప్పుడు 65 ఏళ్లు. 2023లో ఎన్టీఆర్ శతజయంతి సందర్భంగా వచ్చిన వంద రూపాయల నాణెం కోసం ప్రయత్నించి, టంకశాల నుంచి దొరకక, పోస్టులో నాణేలు పంపే ఒక డీలరు దగ్గర 7,500 రూపాయలకు కొన్నారు. ఆ డీలరు ఆ తర్వాత నెలనెలా వాట్సాప్‌లో జాబితా పంపడం, కొన్నాళ్లకు అడగకుండానే ప్యాకెట్లు పంపి “చూసి నచ్చితే డబ్బు వెయ్యండి మాస్టారూ, లేకపోతే తిప్పి పంపెయ్యండి” అనడం మొదలైంది. ఆయన ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు. అలా మొత్తం 2,40,000 రూపాయలైంది. అందులో టంకశాలల స్మారక నాణేల సెట్లకు 1,10,000, పాత వెండి రూపాయలు 42కు 88,000, బంగారు పూత వేసిన దేవుళ్ల నాణేలు మొదలైన వాటికి 42,000 అని ఆయన లెక్క రాసి పంపారు.

బ్యాంకు పాసుపుస్తకం చూసినప్పుడు ఈ సంగతి భార్యకు తెలిసింది. ఆవిడ గొడవ పడలేదట, మాట్లాడటం మానేశారట. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో “నాన్నా, నిన్ను నిలువునా ముంచారు” అన్నాడు. రోషం వచ్చి ఆయన నాణేలన్నీ సంచిలో వేసుకుని హైదరాబాద్ వెళ్లి ఒక దుకాణంలో చూపిస్తే, మొత్తానికి 82,000 ఇస్తామన్నారు. ఇంతలో డీలరు 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి ఉందని, 18,000కు మీకోసమే పక్కన పెట్టానని రోజూ ఫోన్ చేస్తున్నాడు. నేను మోసపోయానా, ఉన్నవి అమ్మేయాలా, ఈ సరదా కొనసాగించవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు. నాణేలు మనవడికి ఇవ్వాలన్న కోరిక ఉత్తరం చివర రాసి, దాన్ని మళ్లీ కొట్టేశారు.

మాస్టారూ,

మీరు కొట్టేసిన వాక్యం కూడా చదివాను. దాని గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే అందులో మీకు తెలియని చిక్కు ఒకటి ఉంది.

మోసపోయారా అన్న ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పలేను. మీరూ మీ అబ్బాయీ 2,40,000 పక్కన 82,000 పెట్టి తేడా చూస్తున్నారు గనుక అది మోసంలాగే కనిపిస్తుంది. మీ బీరువాలో ఉన్నవి మాత్రం మూడు వేరువేరు జాతుల సరుకులు. ఒకదాంట్లో మీరు నష్టపోయి ఉండకపోవచ్చు, ఒకదాంట్లో కొంత నష్టపోయారు, మూడోదాంట్లో డబ్బు దాదాపు పూర్తిగా పోయింది. మూడు పళ్లేలు తీసుకుని దేనికది విడిగా పోయండి.

అంతకు ముందు, కొన్న ధరకూ అమ్మే ధరకూ తేడా ఎందుకుంటుందో చూద్దాం. నగ చేయించుకున్నప్పుడు తరుగు, మజూరీ కడతాం. మర్నాడే ఆ నగను తిరిగి అమ్మబోతే ఆ రెండూ ఎవరూ ఇవ్వరు, అందుకని కంసాలి మనల్ని మోసం చేశాడని అనం. నాణేల వ్యాపారంలోనూ ఆ తరుగు ఉంది, కాకపోతే చాలా పెద్దది. డీలరు నాణేలను గుత్తగా కొని, ఏరి, ఫోటోలు తీసి, అమ్ముడుపోని వాటిని ఏళ్ల తరబడి దాచుకుని, పోస్టు ఖర్చు పెట్టుకుని మీకు పంపుతాడు. అందువల్ల అతను వందకు అమ్మినదాన్ని మరో డీలరు యాభైకో అరవైకో అడిగితే అది లోకంలో జరిగేదే. అయితే ఆ అదనపు సొమ్ముకు బదులుగా డీలరు మీకేం ఇచ్చాడన్నది చూసుకోవాలి. నాణెం అసలైనదేనని రాసిన బిల్లు, దాని స్థితి గురించి నిజమైన వివరం, నకిలీ అని తేలితే ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటానన్న హామీ, ఈ మూడూ ఉంటే పోస్టులో ఎక్కువ పెట్టి కొనడంలో అర్థం ఉంది. దుకాణాలు లేని ఊళ్లో ఉన్నవారికి అదొక సౌకర్యం, దానికో ధర ఉంటుంది. మీ ఉత్తరంలో బిల్లు మాట ఎక్కడా లేదు.

ఇక వెండి రూపాయల పళ్లెం. మీ జాబితా ప్రకారం విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి రూపాయలు 36, నిజాం చార్మినార్ రూపాయలు ఆరు. బ్రిటిష్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. నాణేనికి దాదాపు 10.69 గ్రాముల అసలు వెండి. నిజాం రూపాయి కొంచెం తేలిక, 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. లెక్క కడితే మీ 42 నాణేల్లో, అరుగుదల తీసేయకుండా, 440 గ్రాముల వెండి ఉంది. ఈ సమాధానం చదివిన రోజు పేపర్లో గ్రాము వెండి ధర చూసి 440తో గుణించండి. గ్రాము 100 రూపాయలైతే 44,000 వస్తుంది. 200 అయితే 88,000, అంటే మీరు పెట్టిన డబ్బంతా. ఈ మధ్య వెండి ఎలా ఎగిసిందో మీకు తెలుసు గనుక, మీ సంచి మొత్తానికి 82,000 అన్న ఆ దుకాణదారు మాటను కూడా ఈ గుణకారం చేశాకే తూచండి. పోస్టు డీలరును అనుమానించిన మనిషి హైదరాబాద్ దుకాణాన్ని మాత్రం ఎందుకు నమ్మారో నాకు అర్థం కాలేదు. ఇద్దరిదీ ఒకే వ్యాపారం, ఒకరు అమ్మే వైపు నిలబడితే ఇంకొకరు కొనే వైపు నిలబడ్డారు.

వెండి పైన ఎంత విలువ ఉందన్నది ఆ తర్వాతి సంగతి. ఇక్కడ సోషల్ మాస్టారికే ఒక పాఠం చెప్పాల్సి వస్తోంది, మన్నించాలి. పాతదైతే అరుదైనదని కాదు. డీలరు జాబితాలో “160 ఏళ్ల నాటి అపురూప నాణెం” అని రాసిన 1862 విక్టోరియా రూపాయిని చూడండి. 1862 అని అంకె వేసిన రూపాయలను 1874 దాకా అదే సంవత్సరంతో ముద్రిస్తూ పోయారు. అందుకే అవి కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. దీనికి ఎదురుగా 1911 నాటి ఐదో జార్జి రూపాయి ఉంది. రాజుగారి అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912లో బొమ్మ మార్చారు. ఒక్క ఏడాది తేడాతో పక్కపక్కన నిలబడే రెండు నాణేల్లో ఒకదానికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు, రెండోది దాదాపు వెండి ధరకే పోతుంది. మీ ఐదో జార్జి నాణేల్లో 1911వి ఉన్నాయేమో చూసుకోండి. ఉత్తరంలో పాలకుల పేర్లు రాశారు గాని సంవత్సరాలు రాయలేదు.

డీలరు మరేమైనా “వెండి రూపాయి” అని అంటగట్టబోతే 1940 అన్న అంకె గుర్తుంచుకోండి. ఆ ఏడాది నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గిపోయింది. 1947లో పులి బొమ్మతో వచ్చిన రూపాయిలో వెండి అసలే లేదు, అది నికెల్. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం పెడితే అది పట్టుకుంటుంది, వెండి పట్టుకోదు. అయస్కాంతం, నగల షాపులవాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఈ మూడూ కొనడానికి మీ ఒక్క నెల ప్యాకెట్టుకు పెట్టినంత కూడా అవదు.

భూతద్దం వచ్చాక ముందు చార్మినార్ రూపాయల మీదే పెట్టండి. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ అక్షరం సన్నగా, స్పష్టంగా నిలబడి ఉంటే నాణెం పెద్దగా చేతులు మారలేదని లెక్క. పిండిలో వేలితో గీసినట్టు ఉబ్బి, అంచులు కరిగినట్టుంటే పోతపోసిన నకిలీ అని అనుమానించి త్రాసు మీద పెట్టండి. ఆ తర్వాత అన్ని నాణేలనూ నిలువుగా పట్టుకుని అంచు చుట్టూ చూడండి. నేను కూడా ఒకప్పుడు పోస్టులో 1840 రూపాయి కొన్నాను. ఫోటోలో బొమ్మా బొరుసూ బ్రహ్మాండంగా ఉన్నాయి. చేతికొచ్చాక చూస్తే రాణి తలకు సరిగ్గా పైన, అంచు మీద గింజంత మేర నున్నగా ఉంది. ఎవరో దాన్ని మెడలో దండకు వేసుకోవడానికి కొండీ అతికించి, తర్వాత ఆకురాయితో తీసేసిన చోటు అది. అలాంటి నాణేనికి సేకర్త సగం కూడా ఇవ్వడు. అంచు ఫోటోలో రాదు గనుకే అంచు ఫోటో అడగాలని అప్పుడు తెలిసింది. ఇంకో మాట. మీ ఇంట్లో ఎవరైనా వాటిని చింతపండుతోనో విభూతితోనో తోమి తళతళలాడించి ఉంటే జరిగిందేదో జరిగింది, ఇకమీదట తోమనివ్వకండి. ఆ నలుపే సేకర్తకు కావలసింది.

రెండో పళ్లెం స్మారక నాణేలది. ఎన్టీఆర్ నాణేన్నే తీసుకుందాం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఆ నాణేన్ని మన హైదరాబాద్ టంకశాలలోనే ముద్రించారు. బరువు 35 గ్రాములు, వెండి సగం, మిగతాది రాగి, నికెల్, జింకు. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. టంకశాల పెట్టెను బట్టి దాన్ని నాలుగు వేల నుంచి అయిదు వేల లోపు ధరలకు అమ్మింది. మీరు 7,500 పెట్టారు. ముఖ విలువ వంద, గ్రాము 200 లెక్కన చూసినా వెండి 3,500, టంకశాల ధర అయిదు వేల లోపు, మీ ధర ఏడున్నర వేలు. ఈ మెట్లన్నీ ఎక్కి మీరు పైన కూర్చున్నారు, దుకాణదారు కింద నుంచి చూస్తున్నాడు. దీన్ని మోసం అనలేను. సినిమా మొదటి రోజు టికెట్టును బ్లాకులో కొన్నట్టు, తొందరకు కట్టిన వెల ఇది.

టంకశాల సెట్లన్నిటికీ ఇదే కథ. వీటిని పుట్టించడమే సేకర్తల కోసం. కొన్నవారందరూ పెట్టె కూడా తెరవకుండా భద్రంగా దాచుకుంటారు గనుక, ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా అన్నీ కొత్తవిగానే ఉంటాయి, కరువు రాదు. దానికి తోడు పాత సెట్లకు టంకశాల మళ్లీ బుకింగ్ తెరిచిన సందర్భాలున్నాయి, అలా తెరిచిన రోజున బయట ధర పడిపోతుంది. ఇష్టమైనవి ఉంచుకోండి గాని ఇవి పెరుగుతాయని ఎదురుచూడకండి. ఇకపై కావాలంటే నాలుగు టంకశాలలను నడిపే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో నేరుగా బుక్ చేసుకోండి. నెలల తరబడి ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యాన్ని ఓర్చుకోగలిగితే డీలరు మెట్టు ఒకటి తగ్గుతుంది.

మూడో పళ్లెం గురించి ఎక్కువ రాయను. బంగారు పూత అంటే మైక్రాన్లలో కొలిచే పొర, లోపల ఉన్నది రాగో ఇత్తడో. వాటితో వచ్చిన ‘ప్రామాణిక పత్రం’ రాసింది అమ్మినవాళ్లే. అవి ఏ ప్రభుత్వమూ విడుదల చేసిన నాణేలు కావు, నాణెం ఆకారంలో ఉన్న బిళ్లలు. ఆ 42,000 పోయినట్టే లెక్క వేసుకోండి. మీ అబ్బాయి అన్న మాట ఈ పళ్లేనికి మాత్రం వర్తిస్తుంది. పత్రంలో గాని వాట్సాప్ సందేశంలో గాని ‘అసలు బంగారు నాణెం’ అని, ‘ప్రభుత్వ విడుదల’ అని రాతపూర్వకంగా ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లనూ వచ్చు. కొన్న రెండేళ్లలోపు వెళ్లాలి. బిల్లు లేకపోయినా బ్యాంకు లావాదేవీలూ వాట్సాప్ సందేశాలూ సాక్ష్యాలే, కాబట్టి వాటిని చెరిపేయకండి. ఫిర్యాదు చేస్తే ఆ డీలరుతో సంబంధం తెగిపోతుంది, అతని ద్వారా మిగిలినవి తిరిగి అమ్ముకునే దారి కూడా మూసుకుపోతుంది. అది మీకు నష్టమో లాభమో మీరే తేల్చుకోవాలి.

ఈ లెక్కలన్నిటి కంటే నన్ను ఆపింది “ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు” అన్న వాక్యం. ‘నచ్చితేనే డబ్బు’ అన్న పద్ధతి వినడానికి కొనేవాడికి అనుకూలంగా ఉంటుంది. నడిచేది మాత్రం మన మొహమాటం మీద. ప్యాకెట్టు ఇంటికొచ్చేసింది, విప్పేశాం, అతను నమ్మి పంపాడు, “మాస్టారూ” అని పిలిచాడు, ఇప్పుడు మళ్లీ కట్టి పోస్టాఫీసులో వరుసలో నిలబడి వెనక్కి పంపడం చిన్నతనంగా ఉంటుంది. ఆ చిన్నతనానికి నెలకు ఎంత కట్టారో మీ పాసుపుస్తకంలో ఉంది. అడగనిదే ఏదీ పంపవద్దని, పంపితే తీసుకోకుండా తిప్పి కొట్టిస్తానని ఒక్క సందేశం రాయండి. ఇంకో డీలరెవరైనా వీపీపీలో పంపుతానంటే వద్దనండి. అందులో డబ్బు కట్టాకే ప్యాకెట్టు విప్పనిస్తారు.

1939 రూపాయి సంగతి. 91.7 శాతం వెండితో ముద్రించిన చివరి రూపాయి అదే, నిజంగా అరుదైనది, సేకర్తలు వెతుక్కునేది. సరిగ్గా అందుకే దాని పేరు మీద నకిలీలు తిరుగుతున్నాయి. మామూలు విక్టోరియా రూపాయికి పొరపడితే రెండు వేలు పోతాయి, ఇక్కడ 18,000. ఈ నాణెం విలువేమిటో అతనికి తెలుసు. తెలిసినవాడికి దేశమంతటా కొనేవాళ్లుంటారు, మరి మీకోసం రోజూ ఫోన్ ఎందుకు చేస్తున్నాడు? పేరున్న గ్రేడింగ్ సంస్థ పరీక్షించి సీలు వేసిన పెట్టెలో ఉంటే, ఆ నంబరును సంస్థ సైటులో సరిచూసుకున్నాక ఆలోచించవచ్చు. లేకపోతే అంచు ఫోటో, త్రాసు మీద పెట్టిన ఫోటో, నకిలీ అయితే పూర్తి డబ్బు వాపసు అన్న రాతపూర్వక హామీ అడగండి. అడిగాక ఫోన్లు ఆగిపోతే మీకు జవాబు దొరికినట్టే.

అమ్మాలా వద్దా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. అన్నీ ఒకేసారి ఒకే చోట అమ్మితే గొడవ ఒక్క రోజులో తీరుతుంది గాని, మంచి నాణేలు కూడా కుప్ప ధరకే పోతాయి. విడివిడిగా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జరిగే నాణేల ప్రదర్శనల్లో ఇద్దరు ముగ్గురికి చూపించి అమ్మితే ఎక్కువ వస్తుంది. దానికి ఓపికా, తిరగడానికి ఖర్చూ, కొన్ని నెలల కాలమూ కావాలి. ఆన్‌లైన్‌లో మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషనో పన్నో కట్టండి అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. రిజర్వు బ్యాంకు పేరూ ముద్రా వాడుకుని ఇలా దోచుకుంటున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఏదీ అమ్మకుండా ఉంచుకోవడం ఇంకో దారి. 440 గ్రాముల వెండి ఎక్కడికీ పోదు, కాకపోతే ధర ఎటైనా పోవచ్చు. నా మటుకు నేనైతే వెండి రూపాయలు ఉంచుకుని, స్మారక సెట్లలో మనసుకు దగ్గర కానివి కొన్ని వదిలించుకుంటాను.

సరదా కొనసాగించవచ్చా అంటే, నెలకు ఇంత అని గీత గీసుకుంటే ఎందుకు కూడదు? కాకపోతే ‘అన్నీ’ కొనడం మానేసి ఒక దారి పట్టండి. నిజాం రూపాయలే తీసుకున్నా ద్వారంలో అక్షరం, హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం చదువుకుంటూ పోతే ఏళ్లు పడుతుంది. సైఫాబాద్ పాత టంకశాల ఇప్పుడు మ్యూజియం అయింది, ఈసారి హైదరాబాద్ వెళ్తే సంచి ఇంట్లో పెట్టి ముందు అది చూసి రండి.

ఇక మనవడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. మీ విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ వందేళ్లు దాటినవే, ఐదో జార్జివి కూడా దాదాపు అన్నీ అంతే. మీ అబ్బాయి వచ్చినప్పుడు సూట్‌కేసులో సర్ది పంపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఎన్టీఆర్ నాణేనికి ఆ అడ్డు లేదు. మిగిలినవి ఇక్కడే ఉంచి, మనవడు సెలవులకు వచ్చినప్పుడు భూతద్దం చేతికివ్వండి.

అమ్మగారితో మాట్లాడటానికి నేను చెప్పగలిగే ఉపాయమేమీ లేదు. మీ ఉత్తరాన్ని బట్టి ఆవిడ బాధ డబ్బు పోయినందుకు కాదు, పాసుపుస్తకం చెప్పేదాకా మీరు చెప్పనందుకు. ఒక నోటుబుక్కులో ప్రతి నాణేనికీ సంవత్సరం, బరువు, కొన్న తేదీ, కొన్న ధర, ఈనాటి వెండి విలువ రాసి, మూడు పళ్లేల లెక్కా ఆవిడ ముందు పెట్టండి, 42,000 పోయిందన్న వరుసతో సహా. ఆ పుస్తకం మీ తర్వాత కూడా అవసరం పడుతుంది. అది లేకపోతే 1911 రూపాయినీ 1862 రూపాయినీ ఒకే త్రాసులో వేసి అమ్మేస్తారు.

అన్నట్టు, మీరు 2,500 పెట్టి కొన్న ‘ఈస్టిండియా కంపెనీ 1818 రామ్ దర్బార్ అణా’ను మూడో పళ్లెంలోకే వేయండి. మద్రాసులో కంపెనీ వేయించిన బంగారు పగోడాల మీద విష్ణుమూర్తి ఉన్న మాట నిజమే గాని, రామ పట్టాభిషేకం బొమ్మతో అణాలు కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. ఇవి తర్వాతి కాలంలో తయారైన బిళ్లలు, బియ్యాన్ని తనవైపు లాక్కునే మహిమ గల ‘రైస్ పుల్లర్’ అని చెప్పి లక్షలు గుంజే ముఠాలు చేతిలో పట్టుకు తిరిగేవి కూడా చాలావరకు ఇలాంటివే. దాన్ని పాతదని చెప్పి ఇంకెవరికీ అమ్మకండి. బొమ్మ బాగుందని రాశారు కదా, అమ్మగారు ఒప్పుకుంటే దేవుడి గూట్లో పెట్టుకోండి.